బియ్యం మానేసి కొర్రలు, రాగులు మొదలుపెట్టినా బరువు తగ్గట్లేదు, తేడా ఎక్కడుంది?

రాజమండ్రి కోడలు:

మా అత్తగారికి 54 ఏళ్ళు. ఎత్తు 152 సెంటీమీటర్లు, బరువు 71 కిలోలు, నడుము 38 అంగుళాలు. పరగడుపున సుగర్ 112, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు సుగర్ చెప్పే పరీక్ష) 6.1 వచ్చింది. డాక్టరుగారు సుగర్ మాత్రలు ఇప్పుడే వద్దన్నారు, ముందు బరువు తగ్గమన్నారు. బీపీకి టెల్మిసార్టాన్ 40, థైరాయిడ్‌కి థైరాక్సిన్ 50 వేసుకుంటారు.

మూడు నెలలుగా ఇంట్లో ఆవిడకి తెల్లన్నం లేదు. తినేది ఇదీ: పొద్దున్నే గోరువెచ్చని నీళ్ళలో నిమ్మరసం, పెద్ద చెంచాడు తేనె. ఏడింటికి గ్లాసు రాగిజావ. తొమ్మిదింటికి రెండు కొర్ర దోసెలు, పల్లీ చట్నీ. మధ్యాహ్నం కొర్రన్నం, పప్పు, ఏదో ఒక వేపుడు, పెరుగు. సాయంత్రం మూడు రాగి బిస్కెట్లు. రోజుకు రెండు టీలు, పంచదార మానేసి బెల్లం వేస్తున్నాం, కప్పుకు రెండు చెంచాలు. రాత్రి రెండు చపాతీలు, కూర. శనివారం ఒక్కపొద్దు, రాత్రికి ఉప్మా, రెండు అరటిపళ్ళు. రోజూ అరగంట నడుస్తారు. శని, సోమవారాలు తప్ప గుడ్డు, చేప తింటారు.

మొదటి నెలలో కిలో తగ్గారు, తర్వాత ముల్లు కదల్లేదు. పిన్నిగారు పిండి పదార్థాలన్నీ మానేసి రోజుకు 80 గ్రాముల కొబ్బరినూనె తాగే పద్ధతి చెయ్యమంటున్నారు. పక్కింటివాళ్ళు భోజనం బదులు కలుపుకుని తాగే షేక్ పౌడర్ అంటున్నారు. మావయ్యగారేమో "ఈ వయసులో ఇవన్నీ ఎందుకు, హాయిగా తిననివ్వండి" అంటారు. వంట నాదే కాబట్టి మార్చాల్సింది ఉంటే నేనే మార్చగలను. ఇంట్లో పెద్దవాళ్ళం నలుగురం, నెలకు ఐదు లీటర్ల నూనె డబ్బా సరిగ్గా సరిపోతుంది. ఎక్కడ తేడా పడుతోందో తెలిసినవాళ్ళు చెప్పండి.

కొలత గరిట:

మీరు ఇంత వివరంగా రాశారు కాబట్టి లెక్క వేసి చూపించవచ్చండీ. అన్నీ ఉజ్జాయింపు అంకెలే, ఇంటి కొలతల్లో పదో ఇరవయ్యో శాతం తేడా ఉంటుంది.

తేనె 60 క్యాలరీలు. రాగిజావ, 30 గ్రాముల పిండి అనుకుంటే మజ్జిగతో కలిపి 120. రెండు దోసెలు, చట్నీ 380. మధ్యాహ్నం 100 గ్రాముల కొర్రలు వండుకుంటే వాటికే 330, పప్పు, వేపుడు, పెరుగు కలిపితే 600 దగ్గర. బెల్లం టీలు రెండూ కలిపి 180. బిస్కెట్లు 140. రాత్రి నూనె చపాతీలు రెండు, కూర 400. మొత్తం 1,880. ఆవిడ ఎత్తు, బరువు, వయసును బట్టి, అరగంట నడకతో సహా ఒంటికి రోజుకు ఖర్చయ్యేది సుమారు 1,750 నుంచి 1,850. ముల్లు ఎందుకు ఆగిందో దీన్నిబట్టే తెలుస్తుంది.

ఇందులో ఆరోగ్యం పేరుతో వచ్చి చేరినవి విడిగా తీసి కూడండి. తేనె 60, నాలుగు చెంచాల బెల్లం 76, రాగి బిస్కెట్లు 140, టిఫిన్‌కి ముందు రాగిజావ 120. అటూ ఇటూగా 400 క్యాలరీలు. తీసేసింది బియ్యం ఒక్కటే, దాని బదులు అంతే బరువున్న ఇంకో ధాన్యం వచ్చింది. 100 గ్రాముల బియ్యంలో దాదాపు 350 క్యాలరీలు, కొర్రల్లో దాదాపు 330, గోధుమపిండిలో 320-340. ధాన్యం మారినంత మాత్రాన బరువు మారదని ఈ అంకెలు చూస్తే అర్థమవుతుంది. మన ఇళ్ళల్లో డైట్ అనగానే "ఏది మానాలి" అని అడుగుతారు, "ఎంత తినాలి" అని అడిగేవాళ్ళు తక్కువ. బియ్యం మీద పడిన నింద వల్ల కొర్రన్నానికి కొలత అక్కర్లేదన్న ధైర్యం వచ్చేస్తుంది, రెండోసారి వడ్డించుకోవడానికి చెయ్యి ఆగదు.

అలాగని కొర్రలు దండగ అనడం లేదు. పీచు, ప్రొటీన్ రెండూ పాలిష్ బియ్యం కన్నా వాటిలో ఎక్కువ. గింజగా వండుకుంటే కడుపు నిండినట్టుంటుంది, తిన్నాక సుగర్ పెరిగే వేగం కూడా తగ్గుతుంది. అదే కొర్రల్ని మెత్తటి పిండి పట్టించి దోసె పోసినా, రాగుల్ని పిండి చేసి జావ కాచినా ఆ లాభం చాలావరకు పోతుంది. మెత్తగా విసిరి, ఉడికించి, పల్చగా తాగేదాన్ని అరిగించుకోవడానికి పేగుకు పనేముంటుంది? సుగర్ అంచున ఉన్నవాళ్ళు జావ తాగితే గంటకో గంటన్నరకో గ్లూకోమీటర్‌తో ఒకసారి చూసుకోవాలి. చాలామందికి అన్నం తిన్నప్పటి అంకే కనిపిస్తుంది.

ఇక కొలత. రైస్ కుక్కర్‌తో వచ్చే కప్పు 180 మిల్లీలీటర్లది, దాన్ని నిండుగా కొలిస్తే 150 గ్రాముల బియ్యం పడుతుంది. అంటే ఒక్క కప్పులోనే 500 క్యాలరీలు పైన. ఆవిడకి మధ్యాహ్నానికి 60 గ్రాముల పచ్చి గింజ చాలు, బియ్యమైనా కొర్రలైనా. అందరికీ కలిపి వండినప్పుడు ఆవిడ వాటా ఎలా తీయాలన్నది మీకు వచ్చే తర్వాతి ప్రశ్న. ఒక్కరోజు వంటింటి తూకం మీద పని చెయ్యండి. 300 గ్రాముల గింజ వండితే అన్నం 840 గ్రాములు అయిందనుకోండి, 2.8 రెట్లు అయినట్టు. అప్పుడు 60 గ్రాముల గింజ అంటే వండాక 168 గ్రాములు. మీరు రోజూ వడ్డించే గరిటెతో అది ఎన్ని గరిటెలో ఆరోజే చూసి పెట్టుకోండి, మర్నాటి నుంచి తూకం తీయక్కర్లేదు. అయితే నీళ్ళ కొలత మారిస్తే ఈ రెట్లు మారిపోతాయి, రోజూ ఒకే కొలతలో పొయ్యండి.

కొర్రలు కడిగాక కనీసం ఆరు గంటలు నానాలి. నానకుండా వండితే గింజ లోపల గట్టిగా ఉండి కడుపు ఉబ్బరం చేస్తుంది, తినలేక పక్కనపెట్టి మళ్ళీ బిస్కెట్ల డబ్బా తీస్తారు. నానాక ఒకటికి రెండున్నర నీళ్ళు పోసి చిన్నమంట మీద ఉడికించి, దించాక పది నిమిషాలు మూత తియ్యకుండా ఉంచండి.

ఇనపమూకుడు:

ధాన్యం సంగతి పైన వచ్చేసింది, నేను నూనె గురించే చెప్తాను. మీరు రాసిన డబ్బా లెక్కలోనే అసలు విషయం దొరికిందండీ.

లీటరు నూనె 910 గ్రాములు తూగుతుంది. ఐదు లీటర్లంటే 4,550 గ్రాములు. నలుగురికి, 30 రోజులకు పంచితే మనిషికి రోజుకు 38 గ్రాములు. మూకుట్లో మిగిలి పారబోసేది కొంత తీసేసినా 35 దాకా నిలుస్తుంది, అందులో 315 క్యాలరీలు. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల్లో 2,000 క్యాలరీల భోజనానికి పెట్టిన నూనె, కొవ్వు 27 గ్రాములే. అదే పళ్ళెంలో ధాన్యాలు 250 గ్రాములు, కూరగాయలు 400 గ్రాములు ఉంటాయి. మనవైపు పళ్ళెం దీనికి సరిగ్గా తిరగబడి ఉంటుంది. కూర అంటే అన్నంలోకి నంజుకునేదిగా చూస్తాం, మనిషికి వంద గ్రాములు కూడా దాటదు. తగ్గాలనుకునేవాళ్ళకి కడుపు నింపేది ఆ కూరే. ఆవిడకు పూటకు 200 గ్రాముల కూర పడేలా చూడండి, అన్నం తగ్గిందన్న దిగులు సగం పోతుంది.

నూనె మనిషికి 20 గ్రాములకు దించితే నలుగురికి రోజుకు 80 గ్రాములు, సుమారు 88 మిల్లీలీటర్లు. పొద్దున వంట మొదలుపెట్టే ముందే ఆ నూనెను చిన్న గ్లాసులోకి వంపుకుని, డబ్బా అలమారాలో పెట్టేయండి. ఆ రోజు పోపు, దోసె, చపాతీ, వేపుడు అన్నీ ఆ గ్లాసులోంచే. డబ్బాలోంచి నేరుగా మూకుట్లోకి వంపినంత కాలం ఎంత పడిందో ఎవరికీ తెలియదు. నెలకు ఐదు లీటర్లు పట్టే చోట రెండున్నర, రెండు ముప్పావు సరిపోవాలి. ఒకేసారి సగానికి తగ్గిస్తే ఇంట్లో తిరుగుబాటు వస్తుంది, మొదటి నెల నాలుగు, రెండో నెల మూడున్నర, అలా దించండి.

నూనె తగ్గించగానే వంట చెడడానికి కారణం ఒక్కటే, మంట మాత్రం పాతదే ఉంచుతారు. రెండు చెంచాల నూనె పెద్ద మంట మీద క్షణంలో పొగలు కక్కుతుంది. ఆవాలు చిటపటలాడేలోపే మినప్పప్పు నల్లబడుతుంది, కారం వెయ్యగానే మాడి చేదెక్కుతుంది. మందపాటి ఇనపమూకుడు పెట్టుకోండి, అది సన్నమంట మీద నిదానంగా కాగాలి, పోపు ఎర్రబడగానే కూర ముక్కలు పడాలి. కారం, ఉప్పు ముక్క మెత్తబడ్డాకే.

ఏ కూరకి ఆ కిటుకు ఉంది. దొండకాయ, బీర, చిక్కుడు లాంటివి ముందు ఇడ్లీ పాత్రలో ఎనిమిది పది నిమిషాలు ఆవిరి పట్టి, తర్వాత అరకిలోకి మూడు చెంచాల నూనెతో పోపులో వెయ్యండి. చివర్లో మూత తీసి ఐదు నిమిషాలు వేగనిస్తే వేపుడు రుచి వస్తుంది. బెండకాయకి ఆవిరి పనికిరాదు, జిగురు కట్టేస్తుంది. కడిగి, తడి పూర్తిగా ఆరాక తరిగి, మూత లేకుండా వేయించి, జిగురు కనిపిస్తే చెంచాడు పెరుగు వెయ్యాలి. వంకాయ నూనెను పీల్చేస్తుంది. కోసిన వెంటనే ఉప్పునీళ్ళలో వేసి, తీసి, మూతపెట్టి సన్నమంట మీద తన నీటితోనే మగ్గనిచ్చి, కారప్పొడి చివర చల్లితే నాలుగో వంతు నూనె చాలు. ఆలుగడ్డ, కంద, అరటికాయ వేపుళ్ళు ఆవిడకు కూర కిందికి రావు, అన్నం కిందికే వస్తాయి. ఆ రోజు అన్నం ఇంకాస్త తగ్గాలి.

చపాతీల విషయంలో, పిండిలో నూనె, ఒత్తేటప్పుడు నూనె, పెనం మీద నూనె, మూడు చోట్ల పడుతుంది. పుల్కాలు పొడిగా ఉంటాయని వద్దంటారు పెద్దవాళ్ళు. పిండిని వేడినీళ్ళతో కాస్త పల్చగానే తడిపి అరగంట నానబెట్టి, పెనం బాగా కాగాక త్వరగా కాల్చి, వెంటనే గుడ్డలో చుట్టి డబ్బాలో పెడితే గంట తర్వాత కూడా మెత్తగానే ఉంటాయి. పెనం చల్లగా ఉండి ఎక్కువసేపు కాలితేనే అట్టలా ఎండుతుంది.

మందుల చీటీ:

ఆవిడ వాడే మందులు చూశాక కొన్ని సంగతులు చెప్పక తప్పదండీ.

థైరాక్సిన్ మాత్ర పరగడుపున మంచినీళ్ళతో వేసుకుని, కనీసం అరగంట, వీలైతే గంట ఏమీ తీసుకోకూడదు. తేనె నిమ్మరసం, ఆ వెంటనే రాగిజావ అని రాశారు కదా, రాగుల్లో కాల్షియం బాగా ఎక్కువ, 100 గ్రాముల్లో 340 మిల్లీగ్రాముల పైమాటే. కాల్షియం, కాఫీ, టీ, పాలు, సోయా, ఇవి మాత్రను ఒంటికి పట్టనివ్వవు. మాత్రకీ జావకీ మధ్య ఎడం లేకపోతే టీఎస్‌హెచ్ (థైరాయిడ్ చాలనప్పుడు పెరిగే హార్మోన్) పెరిగి, ఆ కారణంగానే బరువు మొండికేయవచ్చు. ఈమధ్య పరీక్ష చేయించకపోతే ఒకసారి చేయించండి. కాల్షియం మాత్ర, ఐరన్ మాత్ర ఉంటే నాలుగు గంటల ఎడం పాటించండి. సజ్జల్ని రోజూ ప్రధాన ధాన్యంగా వాడకపోవడం మంచిది, వాటిలో అయోడిన్ పనికి అడ్డుపడే పదార్థాలు ఉన్నాయి. వారానికోసారి రొట్టె తింటే ఇబ్బంది లేదు.

రెండోది ఉప్పు. ఆరోగ్యం మీద శ్రద్ధ పెరగ్గానే చాలా ఇళ్ళలోకి "తక్కువ సోడియం ఉప్పు" వచ్చేస్తోంది. అందులో సోడియం స్థానంలో పొటాషియం క్లోరైడ్ కలుపుతారు. టెల్మిసార్టాన్ ఒంట్లో పొటాషియాన్ని నిలిపి ఉంచే మందు. రెండూ కలిస్తే, ముఖ్యంగా కిడ్నీ పనితీరు తగ్గినవాళ్ళలో, పొటాషియం ప్రమాదకరంగా పెరిగి గుండె లయ దెబ్బతినవచ్చు. మామూలు అయోడిన్ ఉప్పే వాడండి, రోజుకు అన్నీ కలిపి ఐదు గ్రాములు దాటకుండా. ఆవకాయ, అప్పడం, వడియం, మజ్జిగ మిరపకాయ, ఇవన్నీ ఆ ఐదు గ్రాముల్లోకే వస్తాయి. బరువు తగ్గుతున్నకొద్దీ బీపీ కూడా దిగుతుంది. లేచి నిలబడగానే కళ్ళు తిరిగినట్టుంటే బీపీ చూపించి మాత్ర మోతాదు అడగాలి, సొంతంగా ఆపకూడదు.

కొబ్బరినూనె పద్ధతి. 80 గ్రాముల నూనె అంటే 720 క్యాలరీలు. మొదటి వారంలో రెండు మూడు కిలోలు పోవడం చూసి అందరూ నమ్మేస్తారు. పిండిపదార్థం మానగానే లివర్‌లో, కండరాల్లో నిలవున్న గ్లైకోజెన్ (ఒంట్లో దాచుకున్న చక్కెర) ఖర్చవుతుంది, దాన్ని పట్టుకుని ఉన్న నీరు, గ్రాముకు మూడు గ్రాముల లెక్కన, బయటికి పోతుంది. ముల్లు మీద కనిపించేది ఎక్కువగా ఆ నీరే. అన్నం మళ్ళీ మొదలెట్టిన నాలుగు రోజుల్లో అది తిరిగొస్తుంది. ఆ తర్వాత కూడా కొవ్వు తగ్గేవాళ్ళు ఉంటారు, ఆకలి చచ్చిపోయి మొత్తం తిండి తగ్గుతుంది కాబట్టి. కానీ కొబ్బరినూనెలో తొంభై శాతం దాకా సంతృప్త కొవ్వు, చెడ్డ కొలెస్ట్రాల్ పెరగవచ్చు. చేయాలని పట్టుబడితే లిపిడ్ (కొలెస్ట్రాల్), కిడ్నీ పరీక్షలు ముందు చేయించుకుని డాక్టరు పర్యవేక్షణలోనే.

ఇది చదివే మిగతావాళ్ళ కోసం ఇంకో మాట, సుగర్ మాత్రలు వాడుతూ ఇలాంటి పద్ధతి మొదలుపెట్టకండి. గ్లిమెపిరైడ్ లాంటివి వేసుకుంటూ పిండిపదార్థం మానేస్తే సుగర్ 70 కిందికి పడిపోతుంది, చెమటలు, వణుకు, మతి తప్పడం. పేరు చివర "గ్లిఫ్లోజిన్" అని వచ్చే మాత్రలైతే సుగర్ అంకె పెద్దగా లేకపోయినా రక్తం ఆమ్లంగా మారే ప్రమాదం ఉంది. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం వస్తే అది గ్యాస్ అనుకుని ఇంట్లో కూర్చుంటారు, ప్రాణం మీదికి వస్తుంది.

షేక్ పౌడర్‌తో తగ్గేది పూట భోజనం మానడం వల్లే. మానిన రోజు వెనక్కి వస్తుంది. లేబుల్ మీద ఏముందో పూర్తిగా రాయని పొడి, టీ, చుక్కలు ఏవీ థైరాయిడ్, బీపీ మందులున్న మనిషికి ఇవ్వకండి.

పెసరమొలక:

ఒక పెద్ద లోటు ఎవరూ అనలేదు. ఆవిడ రోజంతా తినేదాంట్లో ప్రొటీన్ 45 గ్రాములు దాటుతుందా అని నా అనుమానం. ఈ వయసులో ప్రొటీన్ తక్కువగా, తిండి తక్కువగా పెడితే కొవ్వుతో పాటు కండ కరుగుతుంది. కిలోలు తగ్గుతాయి, మోకాళ్ళు మాత్రం నీరసిస్తాయి, రెండు మూడు నెలలకి జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడుతుంది. అప్పుడు ఇంటిల్లిపాదీ "డైట్ వల్లే ఇలా అయింది" అని మాన్పించేస్తారు.

రోజుకు 60 గ్రాములు లక్ష్యం పెట్టుకోండి. 60 గ్రాముల పచ్చి పప్పు, పెసలు లేదా సెనగల్లో 13 వస్తుంది, రెండు గుడ్లలో 12, 300 మిల్లీలీటర్ల పాలు పెరుగులో 10, రోజు మొత్తం 120 గ్రాముల ధాన్యంలో మరో 11. మిగిలింది వంద గ్రాముల శీలావతో కొరమేనో తిన్నరోజు సులువుగా నిండుతుంది. నీచు తినని రోజుల్లో 25 గ్రాముల ఎండు మీల్ మేకర్‌లో 13 గ్రాములు ఉంటుంది, మాత్ర వేసుకున్న పూట కాకుండా రాత్రి కూరలో వెయ్యండి.

పప్పు రోజూ తింటున్నాం కదా అంటారు. గరిటె పల్చటి ముద్దపప్పులో పచ్చి పప్పు 15 గ్రాములు కూడా ఉండదు, అంటే మూడు గ్రాముల ప్రొటీన్. పప్పుచారైతే చెప్పక్కర్లేదు. ఆవిడ వాటా పప్పు చిక్కగా తీసి ముందే గిన్నెలో పెట్టేయండి, తోటకూరో పాలకూరో పడితే ఇంకా మంచిది.

ఆవిడ రోజు ఇలా ఉండొచ్చు. మాత్ర వేసుకున్న గంటకి టీ, అర చెంచా పంచదారో బెల్లమో, ఏదైనా ఒకటే. టిఫిన్‌కి 50 గ్రాముల పెసలతో రెండు చిన్న పెసరట్లు, అల్లం పచ్చడి చెంచాడు. లేదా మూడు ఇడ్లీలు, సాంబారు ఎక్కువగా, లేదా ఒక దోసె, రెండు గుడ్లు. జావ కావాలనుకుంటే అదే టిఫిన్, దాని మీద ఇంకో టిఫిన్ కాదు. మధ్యాహ్నం పైన చెప్పిన 60 గ్రాముల గింజ, చిక్కటి పప్పు, 200 గ్రాముల కూర, కప్పు పెరుగు. సాయంత్రం గుప్పెడు వేయించిన సెనగలు లేదా ఒక జామకాయ, మజ్జిగ. రాత్రి రెండు చిన్న పుల్కాలు, కూర, గుడ్డో చేపో. మొత్తం 1,350-1,400 దగ్గర తేలుతుంది. నెలకు కిలో, కిలోన్నర తగ్గడానికి ఇది చాలు. వారానికి కిలోన్నర తగ్గించే పద్ధతులతో పిత్తాశయంలో రాళ్ళు ఏర్పడే ప్రమాదం పెరుగుతుంది, ఆ తొందర వద్దు.

నడక మంచిదే, కానీ ఆవిడ బరువుకి అరగంట నడిస్తే ఖర్చయ్యేది 120 క్యాలరీలు. మూడు రాగి బిస్కెట్లతో అది చెల్లిపోయింది. ఆ అరగంటను మూడు పూటలా తిన్నాక పదేసి నిమిషాలుగా చీలిస్తే తిన్న తర్వాతి సుగర్‌కి ఎక్కువ మేలు. దాంతోపాటు కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం, పదిసార్లు చొప్పున రెండు విడతలు, వారానికి మూడు నాలుగు రోజులు. మోకాలి నొప్పి ఉంటే కుర్చీ మీద దిండు వేసి ఎత్తు పెంచండి.

రాజమండ్రి కోడలు:

అందరికీ ధన్యవాదాలండీ. మాత్ర వేసుకున్న పావుగంటకే జావ తాగుతున్నారు, అది రేపటి నుంచే మారుస్తాను. రెండు సందేహాలు మిగిలాయి. శనివారం ఒక్కపొద్దు ఆవిడ మానరు, ఆ రాత్రి ఏం పెట్టాలి? ఇంకోటి, నేను అన్నం కొలిచి పెడుతుంటే చుట్టాల ముందు "కోడలు కొలిచి పెడుతోంది" అన్న మాట రాకుండా ఎలా? మావయ్యగారు "ఇంకో ముద్ద పెట్టుకో" అంటూనే ఉంటారు.

పెసరమొలక:

శనివారం రాత్రి ఉప్మా, అరటిపళ్ళు రెండూ పిండిపదార్థమే. పగలంతా ఏమీ లేక ఒక్కసారి అవి పడితే సుగర్ ఎగబాకుతుంది, గంటకి మళ్ళీ ఆకలేస్తుంది. ఉల్లి లేకుండా పెసరట్లు రెండు, లేదా 50 గ్రాముల సెనగలు నానబెట్టి గుగ్గిళ్ళు, కప్పు పెరుగు, ఒక అరటిపండు. ఒక్కపొద్దుకి ఏ భంగమూ లేదు. పగలు మజ్జిగ, నీళ్ళు తాగడానికి ఆవిడకి పట్టింపు లేకపోతే తప్పకుండా ఇవ్వండి, బీపీ మాత్ర వేసుకుని ఖాళీ కడుపుతో ఉంటే కళ్ళు తిరుగుతాయి.

కొలత గరిట:

ముద్దల సంగతి నేను చెప్తాను. మన భోజనంలో అన్నం ఒక్కసారి వడ్డించుకునేది కాదు. పప్పులోకి ఒకసారి, కూరలోకి ఒకసారి, పులుసులోకో చారులోకో ఒకసారి, చివర పెరుగులోకి. ప్రతి వరసకీ కొత్త అన్నం వస్తుంది, ఎంత తిన్నామో ఎవరికీ లెక్క ఉండదు. ఆవిడ కంచంలో మొదటే 168 గ్రాములూ పెట్టేసి, ఆవిడ చేత్తోనే మూడు భాగాలు చేసుకోమనండి, పప్పుకొకటి, కూరకొకటి, పెరుగుకొకటి. ముందు కూర సగం ఉత్తిదే తిని తర్వాత అన్నం కలుపుకుంటే మూడో భాగం దగ్గరికి వచ్చేసరికి ఆకలి తీరిపోయి ఉంటుంది. కొలిచేది మీరు కాకూడదు, గరిటెల లెక్క ఆవిడకే నేర్పండి. గంపెడు అన్నం వండేసి కొంచెమే తినమంటే ఎవరి వల్లా కాదు, గిన్నెలో మిగిలిన రెండు గరిటెలూ పారేయలేక తినేది కూడా ఎప్పుడూ ఇంట్లో ఆడవాళ్ళే. గింజ కొలిచి వండితే ఆ మిగులే ఉండదు.

మావయ్యగారికి మీరు చెప్పకండి, మీవారి చేత చెప్పించండి. "తిననివ్వండి" అనడంలో ఆయన ప్రేమే ఉంది, ఆ ప్రేమకి దారి చూపించాలి. సుగర్ అంచున ఉంది, ఈ ఆరు నెలలు జాగ్రత్త పడితే మాత్రల దాకా పోకుండా ఉండొచ్చని రిపోర్టు చూపించి చెబితే, ఇంకో ముద్ద అనే చేత్తోనే ఇంకో గరిటె కూర వేస్తారు. ఆవిడ నాలుగు కిలోలు తగ్గగానే వచ్చినవాళ్ళంతా "చిక్కిపోయారేంటి, ఒంట్లో బాగుండట్లేదా" అంటారు, అందుకు ఇప్పటి నుంచే సిద్ధంగా ఉండండి. చాలామంది సగంలో మానేసేది అక్కడే. 71లో ఐదు శాతం అంటే మూడున్నర కిలోలు, అంత తగ్గినా సుగర్, బీపీ రెండింటికీ మేలు మొదలవుతుంది.

తూకం వారానికి ఒక్కసారి, అదే రోజు, పొద్దున్న బాత్రూమ్‌కి వెళ్ళొచ్చాక, ఏమీ తాగకముందు. పులిహోర, ఆవకాయ, అప్పడాలు తిన్న మర్నాడు కిలో పెరిగి కనిపిస్తే అది ఉప్పు పట్టి ఉంచిన నీరు, రెండు మూడు రోజుల్లో దిగుతుంది. నెలకోసారి నడుము కూడా కొలవండి. టేపు చీర కట్టుకునే చోట పెట్టకూడదు. చివరి పక్కటెముకకీ తుంటి ఎముక పై అంచుకీ సరిగ్గా మధ్యన పెట్టి, ఊపిరి మామూలుగా వదిలాక, బిగించకుండా చూడాలి. మన దేశపు ఆడవాళ్ళకి 80 సెంటీమీటర్ల లోపు ఉండాలంటారు, ఆవిడది ఇప్పుడు 96 పైన ఉంది. బరువు కదలని నెలలో కూడా ఇక్కడ ఒకటి రెండు సెంటీమీటర్లు తగ్గితే పద్ధతి మార్చకండి.